పేను ఎక్కడిదని అక్క అడిగింది

చేప పేను గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కలిదిండి దగ్గర చెరువుల మీద ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నవాణ్ణి. చెరువులో ఒక్కసారైనా పేను పట్టని రైతు ఈ కొల్లేటి చుట్టుపక్కల ఉంటే చూపించండి, వాడికి దండ వేస్తాను. గట్టు మీద నిలబడి, చేప ఎగిరిన తీరు చూసి అది హుషారో పేనో చెప్పగలను. హుషారుగా ఎగిరిన చేప తిన్నగా లేచి తిన్నగా పడుతుంది. పేను కుడుతున్న చేప పక్కకి పడుతుంది, ఒళ్ళు నీటికేసి కొట్టుకుంటుంది. ఇంత తెలిసినవాణ్ణి కనకనే నేను చేసిన పనికి సాకు లేదు. తెలియనివాడు చేస్తే పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు.

మా అక్క తాడేపల్లిగూడెంలో ఉంటుంది. బావగారిది ఉల్లిపాయల టోకు వ్యాపారం. ఇంటి వెనక పెరట్లో ఇరవై అడుగుల పొడుగున సిమెంటు తొట్టె కట్టించుకుని, నడుము లోతు నీళ్ళు పెట్టి, అందులో తొమ్మిది కోయి చేపల్ని పెంచుతోంది. ఏలూరులో రంగు చేపలమ్మే కొట్టు నుంచి వేలెడంత పిల్లలుగా తెచ్చుకుంది. పదేళ్ళలో ఒక్కొక్కటి మూరెడు అయింది. మా చెరువు చేప ఏడాదిన్నర తిరక్కుండానే ఐసు కింద పడుకుని లారీ ఎక్కుతుంది. పదేళ్ళు బతికిన చేపను నేను ఆ ఇంట్లోనే చూశాను.

"కూరకి పనికిరాని చేపలకి ఇంత సేవేంటక్కా?" అని ఏడిపించేవాణ్ణి.

"నిన్ను పెంచలేదేంట్రా? నువ్వేమన్నా కూరకి పనికొచ్చావా?" అనేది.

నిజమే, పెంచింది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే, పదహారేళ్ళ అక్క నాకు అన్నం కలిపి పెట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, బడి ఎగ్గొడితే జామకొమ్మ విరిచింది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు కూడా నన్ను వెంట తీసుకుపోతానని పేచీ పెట్టిందని మా నాన్న చెప్పేవాడు. అటువంటి మనిషికి పిల్లలు లేరు. ఆ ప్రేమంతా తొట్టెలోకి దిగిందని నా ఉద్దేశం. అన్నిటిలోకీ పెద్ద చేప ఒకటి ఉండేది. ఒళ్ళంతా మల్లెపువ్వు తెలుపు, నెత్తి మీద మాత్రం రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. దాన్ని బొట్టుపిల్ల అని పిలిచేది. అక్క చెయ్యి నీళ్ళలో పెడితే అది వచ్చి అరచేతిలో మూతి ఆనించేది. నేను పెడితే వచ్చేది కాదు.

కిందటేడు బావగారికి మోకాలి ఆపరేషన్ అయింది. విజయవాడలో పది రోజులు ఉండాలన్నారు. అక్క కూడా వెళ్ళాలి. మరి చేపలకి మేత ఎవరు వేస్తారు? "నేనున్నాను కదక్కా, నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అన్నాను. రోజూ కలిదిండి నుంచి గూడెం వచ్చి గుప్పెడు మేత వేసి పోవడం కుదిరే పని కాదు. అందుకని మా పద్ధతి పెట్టాను.

మా చెరువుల్లో మేత విసరం. నీళ్ళలో వెదురు గెడలు వరసగా పాతి, చిల్లులు పొడిచిన గోతాల్లో తవుడూ చెక్కా నింపి వాటికి కడతాం. ఆకలేసిన చేప వచ్చి గోతాన్ని పొడుచుకుని తిని పోతుంది. అదే పని అక్క తొట్టెలో ఎందుకు చెయ్యకూడదు? సరిగ్గా ఆ వారమే మా చెరువొకటి పట్టుబడి అయింది, అంటే చేపలన్నీ పట్టేశాం. వల లాగడానికి గెడలన్నీ పీకి గట్టు మీద పడేశారు. కొత్త వెదురైతే నీళ్ళలో పసరు దిగుతుంది, నానిన పాత గెడే మంచిదని, వాటిలో నాలుగు ఏరుకున్నాను. ఇంకా తడి కూడా ఆరలేదు. ఆటో ట్రాలీలో వేసుకొచ్చి తొట్టెలో నాలుగు మూలలా నిలబెట్టి గోతాలు కట్టేశాను. ఆ పాత గెడల్ని ఎండబెట్టకుండా ఇంకో నీళ్ళలో పెట్టకూడదని మా జీతగాళ్ళకి తిట్టి మరీ చెప్పేవాణ్ణి. ఆ రోజు నాకే గుర్తు రాలేదు. రంగు చేపల తొట్టె నా లెక్కలో చెరువు కాదు కదా.

పది రోజుల తరవాత అక్క వచ్చి చూసుకుంటే చేపలు నిగనిగలాడుతున్నాయి. వీధిలో కనపడిన వాళ్ళందరికీ చెప్పింది. "మా తమ్ముడి చెయ్యి పడితే నీళ్ళలో రాయి కూడా మేత తింటుంది" అంది. నేను కాలర్ ఎగరెయ్యడం ఒక్కటే తక్కువ. గోతాలు విప్పేశాను గానీ, గెడలు మాత్రం ఉండనివ్వమంది అక్క. చేపలు వాటి చుట్టూ తిరుగుతూ ఒళ్ళు రాసుకుంటున్నాయి, చూడ్డానికి ముద్దుగా ఉందిట. ఆపరేషనైన కాలు స్టూలు మీద పెట్టుకుని బావగారు కూడా అదే చూస్తూ కూర్చునేవారు.

మూడు వారాలకి ఫోను వచ్చింది.

"ఏరా, నేను ఇవి ఆడుకుంటున్నాయనుకున్నాను. ఇవాళ బొట్టుపిల్ల పొట్ట మీద రక్తం చారలా ఉందిరా. పొద్దున్న పిలిస్తే రాలేదు. మేత వేసినా రాలేదు."

ఆకివీడు దాటి, గణపవరం మీదుగా బండి మీద వెళ్తున్నంతసేపూ, ఇంకేదైనా రోగం కావాలని దేవుణ్ణి వేడుకున్నాను. చేపకి రోగం రావాలని మొక్కుకున్న రైతు నేనొక్కణ్ణేనేమో. పేను తప్ప ఏదైనా పరవాలేదనిపించింది. బూజైనా సరే, పుండైనా సరే.

బొట్టుపిల్లని తడి వలలో ఎత్తి టబ్బులోకి దించాం. చూడక్కర్లేకుండానే తెలిసింది, అయినా చూశాను. రెక్క మొదట్లో, చెవుల కింద, అంటే మొప్పల కింద, తోక దగ్గర, పెసరబద్దంత చప్పటి పురుగులు అతుక్కుని ఉన్నాయి. ఒళ్ళు గాజులా ఉండి కింద చేప పొలుసు కనపడుతుంది కాబట్టి కొత్తవాళ్ళకి దొరకవు. రెండు నల్లటి చుక్కల్లాంటి కళ్ళు కనపడతాయి, అదే ఆనవాలు. ఒకదాన్ని గోటితో తీసి తెల్లటి టీ కప్పులో వేశాను. పల్టీలు కొడుతూ ఈదింది. అక్క కప్పులోకి వంగి చూసింది.

"ఇదేంట్రా?"

"పేనక్కా. చేప పేను. ముల్లు గుచ్చి రక్తం తాగుతుంది. ఆ దురదకే గెడలకి రుద్దుకుంటున్నాయి."

"అయ్యో తల్లీ! ఎక్కడిదిరా ఇది?"

నాలుగు గెడలూ ఎదురుగా నిలబడి ఉన్నాయి. చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నా నోరు వేరే మాట అంది. ఆ మధ్యనే నర్సరీ నుంచి రెండు కుండీల తామరలు తెచ్చి తొట్టెలో పెట్టుకుంది అక్క. "నీ తామరలతో వచ్చుంటుందక్కా. నర్సరీ నీళ్ళలో ఇవి మామూలే" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. ఎందుకన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అక్క కొట్టదు, తిట్టదు. వీధి వీధంతా నన్ను పొగిడి నెల కూడా కాలేదు, ఆ పొగడ్త పోతుందనే బాధ తప్ప ఇంకేమీ లేదు. సిగ్గులేని కారణం, కానీ అదే నిజం.

అక్క మొహం నల్లబడింది. "అయితే నేనే తెచ్చి పెట్టానన్నమాట" అంది. చీర ఎగదోపుకుని తొట్టెలోకి దిగి, మొగ్గ మీదున్న తామరల్ని దుంపలతో సహా పీకి గోడ అవతల పారేసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

మందు మాత్రం జాగ్రత్తగా వేశాను. చెరువుకైతే ఎకరాల లెక్క, నాలుగు చుక్కలు అటూ ఇటూ అయినా నీరు మింగేస్తుంది. తొట్టెలో చుక్క ఎక్కువైతే పేనుతో పాటు చేప కూడా పోతుంది. దారం పట్టి పొడుగూ వెడల్పూ లోతూ కొలిచి, నీళ్ళెన్నో కాగితం మీద వేసి, సిరంజితో మందు తీసి, బకెట్టు నీళ్ళలో కలిపి, గాలి మోటారు ఆడుతుండగా కొద్దికొద్దిగా పోశాను. మర్నాటికి పేలు చచ్చి అడుక్కి చేరాయి. మూడో రోజుకి బొట్టుపిల్ల అక్క చేతిలో మూతి పెట్టింది. "నువ్వు లేకపోతే ఏమైపోయేవిరా ఇవి" అని కళ్ళు తుడుచుకుంది. కంచే చేను మేసిందని ఆవిడకి తెలియదు.

నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఆ మందు పేనును చంపుతుంది, గుడ్డును ఏమీ చెయ్యదు. ఆడ పేను చేపను వదిలిపెట్టి, గట్టిగా ఉన్న చోటు చూసుకుని వరసగా గుడ్లు అతికించి పోతుంది. రాయికి గానీ, గోడకి గానీ, అన్నిటికంటే ముందు గెడకి. అందుకే మా చెరువులో పేను కనపడితే మందు కంటే ముందు గెడలు పీకి ఎండలో పడేస్తాం. అవి ఎండితే గుడ్లు చస్తాయి. ఎండకపోతే రెండు వారాల్లో కొత్త పేలు దిగుతాయి.

"ఈ గెడలు తీసేద్దామక్కా" అన్నాను, ఏదో గుర్తొచ్చినట్టు.

"ఎందుకురా? పాపం దురద తీర్చుకోడానికి వాటికి అవే ఆధారం."

అంతే. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. గెడలతో ఏమిటి ఇబ్బంది అంటే గుడ్ల సంగతి చెప్పాలి. గుడ్లు చెబితే, నీ గెడల మీద అవి మొదట్నించీ ఉన్నాయా అని అడుగుతుంది. మా అక్క ఉల్లిపాయల వ్యాపారి భార్య, లెక్క ఎక్కడ తప్పిందో పట్టేస్తుంది. వారం తరవాత ఏదో వంకతో వెళ్ళి, ఆవిడ దేవుడి గదిలో ఉండగా ఒక గెడ పీకబోయాను. కుర్చీలోంచి బావగారు కేకేశారు. "ఏవోయ్, దాన్నెందుకు కదుపుతావు? మీ అక్కకి అవుంటేనే తృప్తి." మళ్ళీ గుచ్చేశాను. గెడకి ఏం అంటుకుని ఉందో చూసే ధైర్యం కూడా చెయ్యలేదు. మొదటి మందు పోసిన పన్నెండో రోజున ఇంకో విడత పోస్తే గుడ్లలోంచి వచ్చినవి వచ్చినట్టే చస్తాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

పన్నెండో రోజు వెళ్ళలేకపోయాను. ముసురు పట్టింది. మబ్బు కమ్మితే చెరువులో గాలి తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి, ఆ వారమంతా మోటార్లు పెట్టుకుని గట్టు మీదే ఉండిపోయాను. ఫోను చేసి "మందు పొయ్యక్కా, ఇంత కొలత" అని చెప్పొచ్చు. తామరలు తీసేశాక మళ్ళీ మందెందుకురా అంటే ఏం చెప్పను? అబద్ధం ఒకటి ఆడితే దానికి కాపలా కాస్తూ కూర్చోవాలి.

పద్దెనిమిదో రోజున బావగారు ఫోను చేశారు. "ఏవోయ్, రెండు పోయాయి. నువ్వు రా."

వెళ్ళి తొట్టెలోకి వంగి చూశాను. ఈసారి పెసరబద్దలు కావు, చోడిగింజలంత పిల్ల పేలు. ఒక్కో చేప మీద ఎన్నో లెక్కపెట్టలేం. చేపలు రెక్కలు ఒంటికి బిగబట్టుకుని గాలి గొట్టం దగ్గర గుంపుగా నిలబడి ఉన్నాయి. పాత గాట్లు పుళ్ళయ్యాయి. మందు పోశాను. పేలు రాలాయి గానీ, ఆ నీరసంలో మర్నాడు ఇంకో రెండు పోయాయి. కొబ్బరిచెట్టు మొదట్లో నేనే గొయ్యి తీశాను. బొట్టుపిల్ల పక్కకి ఒరిగి తేలుతోంది, చేత్తో నిలబెడితే కాసేపు నిలబడి మళ్ళీ ఒరుగుతోంది.

అక్క తొట్టె దగ్గరకి రాలేదు. వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని దూరం నుంచి చూస్తోంది. బావగారు కర్ర ఊతంతో వచ్చి నా చెవిలో చెప్పారు. "నాలుగు రోజులైంది అన్నం ముట్టి. మజ్జిగ తాగి లేస్తోంది. నా మాట వినదు. నువ్వైనా చెప్పవోయ్."

మెట్టు దగ్గరకి వెళ్ళాను. "అక్కా, రా. బొట్టుపిల్లని ఒకసారి నువ్వు పట్టుకో. నీ చెయ్యి దానికి అలవాటు."

"నేను రానురా. నువ్వే చూడు. నా చెయ్యి మంచిది కాదు" అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. కూరలో ఉప్పు లేదన్నట్టు అంది. "నా చేతిలో ఏదీ నిలవదు. నీకు గుర్తు లేదేమో, చిన్నవాడివి."

నాకు గుర్తుంది. మొదటి కాన్పు పాప పదకొండో రోజున అక్క ఒళ్ళోనే పోయింది. అప్పుడు వచ్చిన ముసలమ్మల్లో ఎవరో ఆ మాట అన్నారు, దాని చేతిలో ఏదీ నిలవదని. ఆ తరవాత కాన్పు రాలేదు. ఆ మాట అక్క మరిచిపోయిందని ఇన్నేళ్ళూ నేను అనుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత దాన్ని తీసుకొచ్చి మళ్ళీ ఆవిడ ఒళ్ళో పెట్టింది నేను.

ఇంక నిలబడలేకపోయాను. తొట్టెలోకి దిగి దగ్గర్లో ఉన్న గెడ పీకాను. నీళ్ళు కారుతున్న ఆ గెడని తెచ్చి అక్క కాళ్ళ దగ్గర పెట్టాను. కణుపుకీ కణుపుకీ మధ్య, జిగురు పట్టిన చారల్లో, గోధుమరంగు చుక్కలు వరసగా ఉన్నాయి. ఎవరో కూర్చుని శ్రద్ధగా అతికించినట్టుంది.

"ఇవి పేను గుడ్లక్కా. ఈ గెడలు మా చెరువులోవి. ఎండబెట్టకుండా తెచ్చాను. పేను నీ తామరలతో రాలేదు. నాతో వచ్చింది."

అక్క గోటితో ఒక చుక్కని గీకి చూసింది.

"నీకెప్పుడు తెలుసు?"

"మొదటి రోజే."

"నేను తామరలు పీకేస్తుంటే?"

"అప్పటికే తెలుసక్కా."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ లేచి చీర కుచ్చెళ్ళు దోపుకుంది. "ముందు చేప సంగతి చూడు" అంది, నా మొహం చూడకుండా.

సాయంత్రం దాకా పని చేశాం. మిగిలిన అయిదు చేపల్నీ బావగారు కొట్టు నుంచి తెప్పించిన కొత్త డ్రముల్లోకి మార్చాం. గెడలు నాలుగూ గోడ అవతల తగలబెట్టాను. తొట్టె నీళ్ళు తోడేసి, అడుగూ గోడలూ గీకి, సున్నం కొట్టి ఎండకి వదిలేశాను. మొదటి రోజు చెయ్యాల్సిన పని అది. డ్రముల్లోకి మార్చిన వాటిలో నాలుగు నిలదొక్కుకున్నాయి, ఇప్పటికీ ఆ తొట్టెలో ఉన్నాయి.

బొట్టుపిల్లని అక్క తడి తువ్వాలులో ఒళ్ళోకి తీసుకుంది. చావని పేలు ఇంకా అక్కడక్కడా పట్టుకుని ఉంటే, నేను పట్టకారుతో ఒక్కొక్కటే పీకుతున్నాను. మధ్యమధ్యలో టబ్బు నీళ్ళలో ముంచి ఊపిరి తీసుకోనిస్తున్నాం. చెవుల కింద పీకాను, రెక్క మొదట్లో పీకాను. "మెల్లిగా" అని ఒక్కసారి అంది, అది కూడా నాతో అన్నట్టు లేదు. తిప్పి రెండో పక్క చూస్తుంటే చెవి డొప్పలు ఆడటం మానేశాయి. నీళ్ళలో ముంచి ముందుకీ వెనక్కీ నడిపించాం. మళ్ళీ ముంచాం. నేను ఆపేసినా అక్క ఆపలేదు, చాలాసేపు అలా నడిపిస్తూనే ఉంది.

చివరికి తువ్వాలుతో సహా దాన్ని ఎత్తి నా రెండు చేతుల్లో పెట్టింది. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఇది నా చేతిలో పోలేదురా" అంది. "నీ చేతిలో పోయింది."

"అవునక్కా."

"మళ్ళీ చెప్పు."

"నా చేతిలోనే పోయిందక్కా. నీ చేతిలో కాదు."

తల ఊపి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. నేను ఆ బరువు పట్టుకుని ఖాళీ తొట్టె పక్కన నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. కాసేపటికి వంటింట్లో గిన్నె మూత చప్పుడైంది. బావగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి నాకు చెప్పారు.

"అన్నం పెట్టుకుందోయ్. తింటోంది."